ముసలమ్మ మంచం, ముగ్గురు దొంగలు



"పరిశోధన గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమ్మా" అని సంఘం పెద్దలు అడిగినప్పుడు వెనకాడాను. నేను టీటీసీ చదివి హాస్టల్ వార్డెన్‌గా పనిచేస్తున్న మనిషిని. బియ్యం లెక్క, పాల లెక్క, జ్వరం వచ్చిన పిల్లల లెక్క చూసుకునే దాన్ని. అయినా ఒప్పుకున్నాను. ఈ విషయంలో నేనొక తప్పు చేశాను, అది మీ ముందు చెప్పాలనిపించింది.

కొన్నేళ్ల కింద ఏప్రిల్ నెలలో ఒక రాత్రి మా హాస్టల్లో కరెంటు పోయింది. ఉక్కపోత తట్టుకోలేక పిల్లలందరినీ డాబా మీదికి తీసుకెళ్లాను. ఖాళీగా ఎందుకని చుక్కలు చూపిస్తూ "ఇది సప్తర్షి మండలం" అన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి, "కాదు మేడమ్, అది ముసలమ్మ మంచం. నాలుగు చుక్కలు మంచం కోళ్లు, వెనకాల మూడు చుక్కలు దొంగలు. మా అవ్వ చెప్పింది" అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. నేను ఆపేశాను. "పరీక్షలో మంచం అని రాస్తే మార్కులు పడవు, సప్తర్షి మండలం అనే గుర్తుపెట్టుకో" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల కూర్చుంది.

ఆ కథ నాకు తెలియనిదా? చిన్నప్పుడు మా అవ్వ పక్కన పడుకుని విన్నదే. చదువుకున్నాక సిగ్గుపడి దాచుకున్నాను, అంతే.

తర్వాత తెలిసింది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త మయంక్ వాహియా, గణేష్ హాల్కరే అనే పరిశోధకునితో కలిసి విదర్భలోని గోండు గూడేలకు వెళ్లి, పెద్దవాళ్లతో కూర్చుని, ఏ చుక్కను ఏమంటారో అడిగి రాసుకున్నారు. 2013లో ఆ వ్యాసం ఖగోళ చరిత్ర పత్రికలో అచ్చయింది. మంచమూ దొంగలూ అందులో ఉన్నారు. తర్వాత కోలాములు, బంజారాల ఆకాశం మీద కూడా రాశారు. పక్కపక్కనే బతికినా ఎవరి ఆకాశం వారిదేనని, చేసే పనిని బట్టి చూసే చూపు ఉంటుందని వాళ్లు తేల్చారు. వ్యవసాయం చేసేవాడికి చుక్కల్లో నాగలి కనబడుతుంది మరి.

నేను పరీక్షకు పనికిరాదన్న మాట కోసం అంత పెద్ద సంస్థ నుంచి మనిషి గూడెం దాకా నడిచొచ్చాడు.

ఇప్పుడు ఆ కథలో ఉన్న శాస్త్రం చూడండి. మంచం ముందు ఉదయిస్తుంది, దొంగలు దాని వెనకే వస్తారు, ఎప్పటికీ అందుకోలేరు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి చుక్కలన్నీ ధ్రువతార చుట్టూ ఒకే వైపు తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. ఆ తిరుగుడులో మంచం ఎప్పుడూ ముందే. కథ కట్టినవాళ్లు ఎన్ని రాత్రులు చూసి కట్టారో! ధ్రువతార మన ఆదిలాబాద్ వైపు సుమారు 19.5 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఉత్తరం దిక్కుకు చెయ్యి చాచి నేలకు, ఆకాశానికి కలిసే గీత మీద పిడికిలి మీద పిడికిలి రెండు పెట్టండి, దాదాపు అక్కడే. ఎంత ఉత్తరానికి పోతే అది అంత పైకి లేస్తుంది.

ఇంకో సంగతి. ఈ ఏడు చుక్కల్లో మధ్యనున్న ఐదూ ఒకే గుంపుగా, ఒకే దిక్కుకు కదులుతున్నాయని 1869లో రిచర్డ్ ప్రాక్టర్ అనే ఆయన గమనించాడు. అవి మనకు దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. మిగిలిన రెండు వేరే దారిన పోతున్నాయి: మంచం కోళ్లలో ఒకటి, చివరి దొంగ. వేల వేల ఏళ్లకు మంచం వంకర పోతుంది. మా కంప్యూటర్ గదిలో స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సంవత్సరం ముందుకు జరుపుతూ పోయాం. చివరి దొంగ పక్కకు జరగడం చూసి పిల్లలు కేకలు పెట్టారు. (అప్పటిదాకా ఆ గదిలో నేర్పింది టైపింగ్ ఒక్కటే.) అదే సాఫ్ట్‌వేర్‌లో అమెరికా ఆదివాసులైన లకోటా, నవాహోల ఆకాశం కూడా ఉంది. దాని లోపలి రాత అందరికీ తెరిచే ఉంటుంది. కంప్యూటర్ చదువుతున్న తమ్ముళ్లు మన ఆకాశాన్ని కూడా అందులో పెట్టే పని మొదలుపెట్టవచ్చు.

లిపి విషయంలో ఇలాంటి పని జరిగిందని మీకు తెలుసు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతులను 2006లో జయధీర్ తిరుమలరావు గారి బృందం బయటికి తెచ్చింది. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. 63 గుర్తులు, ఒక్కోదానికి ఒక సంఖ్య. సంఖ్య లేని అక్షరం నీ ఫోన్‌లో అక్షరమైనా నా ఫోన్‌లో డబ్బా అవుతుంది. మన అక్షరానికి ఇప్పుడు ఆ సంఖ్య ఉంది. రాసే చేతులే తక్కువ. ఈ స్మారక సంచికకు వచ్చిన రచనల్లో ఆ లిపిలో ఎన్ని ఉన్నాయో సంపాదకులను అడగాలని ఉంది గానీ, ముందు నన్నే అడుగుతారు. నేనూ తెలుగులోనే రాసుకొచ్చాను.

పరిశోధకులంటే మనవాళ్లకు కొంచెం అనుమానం. వస్తారు, ఫొటోలు తీస్తారు, పోతారు, పుస్తకం మన గూడేనికి రాదు. ఆ మాటలో నిజం ఉంది. అందరూ అలా కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం పంపితే వచ్చిన హైమండార్ఫ్ మార్లవాయిలో ఉండి మన బతుకు రాశారు. 1943లో అక్కడే మనవాళ్లకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. మన భూముల సంగతి సర్కారుకు చెప్పినవాళ్లలో ఆయనా ఒకరు. రాసిన రాత భూమి దాకా వెళ్లగలదు. అయితే ఎవరో వచ్చి రాసేదాకా ఆగాల్సిన రోజులు పోయాయి. గోండి తెలిసినవాడు అడిగితే అవ్వ చెప్పే తీరే వేరు.

మా డాబా మీది పిల్ల పోయినేడు ఒక పెళ్లిలో కలిసింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. "ఆ రోజు నువ్వు చెప్పబోయిందేంటమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది. "మంచం కోళ్లకు పేర్లున్నాయి మేడమ్. మూడు గుర్తున్నాయి. నాలుగోది అవ్వనే అడగాలి, కానీ అవ్వ పోయి రెండేళ్లైంది" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అందుకని మా హాస్టల్లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. సెలవులకు వెళ్లొచ్చిన పిల్లలు అందులో రాయాలి: చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఆకాశంలో ఏ దిక్కు, వాళ్ల మాటల్లోనే కథ. ముందు వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే. మనకు తోచింది కలపకూడదు, ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి. ఇప్పటికి 31 పేజీలు నిండాయి. నాలుగో కోడు పేరు ఇంకా రాలేదు.

దండారికి ఇళ్లకు పోతారు కదా. అప్పుడు సాయంత్రం మంచం కనబడదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఈశాన్యం వైపు చూడండి. మంచం పైకొచ్చి ఉంటుంది, చివరి దొంగ అప్పుడే చెట్ల మీదికి వస్తుంటాడు. ఆ వేళకు ఇంట్లో అవ్వలు లేచే ఉంటారు.