జైళ్ళు, లాకప్పుల తనిఖీ: పంచాయతీ సభ్యులకు కొన్ని మాటలు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీటి చెరువులు, వీధిదీపములు మొదలగువానిని గురించి మీతో ప్రసంగించుట మా శాఖకు అలవాటు. నేడు మేము ఎత్తుకొనిన విషయము వేరు. జైళ్ళయందును, పోలీసు లాకప్పులందును, కోర్టు ఆవరణలలో ముద్దాయిలను ఉంచు గదులయందును పరిస్థితులు ఎట్లుండవలెను, వానిని ఎవరు తనిఖీ చేయుదురు, అందు మీకు గల పని యేమి అనునది నేటి ప్రసంగము. జైలుతో మనకేమి సంబంధమని మీలో కొందరనుకొనవచ్చును. చేలగట్టు తగాదాయో, కాలువ నీటి వంతు తగాదాయో, సారా కేసో లేని ఊరు కృష్ణా డెల్టాలో అరుదు. అట్టి దినమున ముద్దాయి ఇంటివారు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టునది సర్పంచి గారి యింటనే.

విజయవాడ గాంధీనగరమున జిల్లా జైలు కలదు. పెద్ద శిక్షలు పడినవారిని రాజమహేంద్రవరము కేంద్ర కారాగారమునకు పంపుట పరిపాటి. కనుక స్థానిక జైళ్ళలో ఉండువారు చాలవరకు శిక్ష పడినవారు కారు. విచారణ ముగియుటకై వేచియున్నవారు. 2022 సంవత్సరాంతమున దేశమందలి జైళ్ళన్నింటిలో 4,36,266 మందికి మాత్రమే చోటుండగా 5,73,220 మంది ఉండిరి. వారిలో 4,34,302 మంది, అనగా నాలుగింట మూడు వంతులు, విచారణలో ఉన్నవారే. నేరము రుజువు కాని వానికి చోటు చాలని గదిలో నిద్ర లేకుండుట శిక్ష కాక మరేమి?

జైలనగా దొంగలుండు తావని చులకనగా చూచుట ఈ ప్రాంతమువారికి తగదు. విజయవాడనుండి 'స్వరాజ్య' పత్రికను నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో రాజద్రోహ నేరముపై వెల్లూరు జైలున కఠిన శిక్ష ననుభవించిరి. బందరువాసులైన పట్టాభి సీతారామయ్య గారు 1942లో అహమ్మదునగరు కోటలో నిర్బంధింపబడిరి. ఆ పెద్దలను బంధించిననాటి 1894 సంవత్సరపు జైళ్ళ చట్టమే స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ దశాబ్దముల తరబడి సాగినది.

ఇక సిబ్బంది మాట. గోడ యెంత ఎత్తున్నను కాపలా మనిషి లేనిచో అది కారాగారము కాజాలదు. ప్రతి ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండవలెనని ఆదర్శ జైలు నియమావళి చెప్పుచున్నది. చిన్న సబ్ జైలు సంగతి ఆలోచింపుడు. రాత్రింబవళ్ళు వంతులవారీగా కావలి కాయవలెను. ఒక ఖైదీకి జ్వరము వచ్చినచో వెంట ఆసుపత్రికి ఒకరు పోవలెను. ఒకరు సెలవులో నుందురు. మిగిలినవారెందరు? మనుషులు చాలనప్పుడు సులభమైన ఉపాయము తాళము తీయకుండుటయే. ఖైదీకి ఆరుబయటి గాలి తగ్గును. ఇంటివారితో ములాఖతు తగ్గును. జబ్బు చేసినవాని కేక వినువారు కరవగుదురు. అందుచేత తనిఖీకి వెళ్ళినవారు సున్నము కొట్టిన గోడలు చూచి సంతృప్తి చెందరాదు. హాజరుపట్టీ తెరచి, ఆ రాత్రి కావలి యెవరిదని అడుగవలెను.

కాపలా చాలనిచో ఏమగునో మన రాష్ట్రమునందే తెలిసినది. కర్నూలు జిల్లా (నేటి నంద్యాల జిల్లా) కోయిలకుంట్ల సబ్ జైలులో తండ్రీకొడుకులు ఒకే గదిలో నిర్బంధితులై యుండిరి. తమకు ప్రాణభయము కలదని వారు ముందే తెలిపియుండిరి. 1977 మే 5, 6 తేదీల నడిమి రాత్రి తెల్లవారుజామున దుండగులు లోపల జొరబడి గదిలోనికి బాంబులు విసరగా తండ్రి మరణించెను. కుమారుడు గాయములతో బయటపడెను. నష్టపరిహారమునకై వేసిన దావాను క్రింది కోర్టు కొట్టివేసినది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇప్పించినది. జైళ్ళ నిర్వహణ సార్వభౌమాధికార కార్యము గనుక తాము బాధ్యులము కామని ప్రభుత్వము వాదింపగా, సుప్రీంకోర్టు 2000వ సంవత్సరమున దానిని త్రోసిపుచ్చినది. జైలులోనున్నంత మాత్రమున మనుష్యుని జీవించు హక్కు పోదని నిర్ణయించినది. ప్రభుత్వ ఉద్యోగులమైన మేము ప్రభుత్వము ఓడిన కేసును చెప్పుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ ఓటమి అందరు ఉద్యోగులును నేర్వదగిన పాఠము.

కోర్టు గదుల సంగతి తక్కువగా చర్చకు వచ్చును. వాయిదాకు తెచ్చిన ముద్దాయి తన కేసు పిలుచువరకు, ఒక్కొక్కప్పుడు ఉదయమునుండి సాయంత్రము వరకు, అందే కూర్చుండవలెను. త్రాగునీరు, మరుగుదొడ్డి, స్త్రీలకు వేరు గది, మధ్యాహ్న భోజనము: చూడవలసినవి ఇవియే. వెంట వచ్చుటకు పోలీసులు దొరకక ముద్దాయిని కోర్టుకు తేకపోయినచో కేసు వాయిదా పడును, జైలువాసము పెరుగును.

తనిఖీ చేయువారు ఎవరు? జిల్లా జడ్జి, కలెక్టరు మొదలగు అధికారులతోపాటు అనధికార సందర్శకులకును జైలు నిబంధనలలో చోటు కలదు. జైళ్ళలో కులమునుబట్టి పని పంచుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పి, అట్టి వివక్ష యున్నదేమో తనిఖీలలో చూడవలెనని ఆదేశించినది. లాకప్పుల విషయమున మీకు ఇంకను దగ్గరి మార్గము కలదు. ప్రతి పోలీసు స్టేషనునందును కెమెరాలు అమర్చవలెనని 2020 డిసెంబరులో ఆజ్ఞాపించిన సుప్రీంకోర్టు, వాని పర్యవేక్షణకు ఏర్పడు జిల్లా సంఘమున గ్రామీణ ప్రాంతములకు జిల్లా పరిషత్తు అధ్యక్షుని సభ్యునిగా చేర్చినది. కెమెరా పనిచేయనిచో మీరు అర్జీ పెట్టవలసినది మీ ప్రతినిధికే.

మిగిలినది లెక్క కట్టు పని. పట్టుకొనిన వానిని, ప్రయాణకాలము పోను, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, అరెస్టయినవారి పేర్లు పోలీసు స్టేషనులో అందరికి కనబడునట్లు ప్రదర్శింపవలెను. బంధువునకో మిత్రునకో కబురు చేయవలెను. ఆ కబురు అందిన గంట యేదో సభ్యులు వ్రాసియుంచుట మంచిది.

జామీను దొరకక ఉండిపోవువారి గతి మరింత కష్టము. 1978లో మధ్యప్రదేశమున ఒక తాపీపనివానికి 10,000 రూపాయల జామీను అడిగి, అతని అన్నదమ్ముని ఆస్తి వేరు జిల్లాలో నున్నదని నిరాకరించిరి. జస్టిస్ కృష్ణయ్యరు గారు దానిని తప్పుపట్టి, దూరదేశమున అరెస్టయిన ఆంధ్రుని వంటివాని గతి యేమని ప్రశ్నించిరి. దాళ్వా కోతలకు వేరు జిల్లానుండి మన డెల్టాకు వచ్చిన కూలీకి ఇదే చిక్కు. బెయిలుకు వీలైన నేరమున వారములోగా జామీను తేలేనివానిని పేదవానిగా భావించి సొంత పూచీపై విడువవలెనని చట్టమున్నది. అట్టివానికి వకీలును ఉచితముగా ఏర్పరచుటకు న్యాయసేవల సంస్థ కలదు. ఫోను సంఖ్య 15100.

మునుపెన్నడును ఏ నేరమునకును శిక్ష పడనివాడు తనపై మోపబడిన నేరమునకు గల గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలము విచారణఖైదీగా గడిపినచో బెయిలుకు అర్హుడు. మరణ, యావజ్జీవ శిక్షార్హమైన నేరములకును, పలు కేసులున్నవారికిని ఇది వర్తింపదు. ఆ గడువు ముగియగానే కోర్టుకు దరఖాస్తు పంపవలసిన విధి జైలు సూపరింటెండెంటుదే. మీ ఊరివాడెవరైన అట్లున్నచో అరెస్టయిన తేదీ, కేసు నంబరు, సెక్షను ఒక కాగితముపై వ్రాసి, ఆ దరఖాస్తు వెళ్ళినదా యని సూపరింటెండెంటు గారిని అడుగుడు.