సిరా ఎండిన యంత్రము

భీమవరమునుండి గుడివాడకు పోవు రైలుమార్గములో ఉండి స్టేషను కలదు. ఆ ఊరి బజారులోని ఒక ఫొటో స్టూడియోకు ఇటీవల వేరొక పనిమీద వెళ్లితిమి. మాదియు స్టూడియోయే. మా దానిలో మనిషి కనబడడు, మాట వినబడును. వారి దానిలో మనిషి కనబడును, మాట యుండదు. మేము పోయిన వేళకు అచ్చట ఒక మనిషి సరిగా కనబడకుండుటయే చిక్కుగా నుండెను.

చేపల చెరువుల గట్లమీద జీవితము గడిపిన ఒక పెద్దాయన గతించెను. ఎల్లుండి పెద్దకర్మ. ఆనాటికి నిలువెత్తు పటము కావలెనని కుమారుడు వచ్చి కూర్చుండెను. తెచ్చినది అరచేతిలో ఇమిడెడి పాత ఫొటో. దానిని తీసినది ఈ స్టూడియో యజమాని తండ్రియేనట. ఇరువదినాలుగు అంగుళముల వెడల్పుగల కాగితముపై ముద్రించు యంత్రమునుండి పటము మెల్లగా బయటికి వచ్చెను. ముఖము ఎఱ్ఱబడియున్నది. నుదుటిమీద సన్నని అడ్డగీతలు.

“మా నాన్నగారు ఇంత ఎర్రగా ఎప్పుడున్నారండీ?” అని కుమారుడు అడిగెను.

“నీలం రంగు అందట్లేదండీ. రేపు సాయంత్రానికి ఇస్తాను. మళ్లీ ఇప్పుడే కొట్టమనకండి. తొందరయితే భీమవరంలో కూడా వేస్తారండీ, ఆయ్” అని యజమాని చెప్పెను.

కుమారుడు భీమవరము పోలేదు. ఆ ఫొటో ఇచ్చట పుట్టినది, ఇచ్చటనే పెరుగవలెనని ఆయన పట్టుదల. యజమాని ఎదురుచూడుమనుట మాకు మాత్రము బద్ధకముగా తోచెను. ఆయన కారణము చెప్పిన పిదప మా అభిప్రాయమును మార్చుకొంటిమి.

ఈ యంత్రములో కాగితముపై అటునిటు పరుగెత్తు భాగమును హెడ్డు అందురు. దాని అడుగున వరుసలుగా సూక్ష్మరంధ్రములుండును; కొన్ని యంత్రములలో ఒక్కొక్క రంగునకే 360 కలవు. ఒక్కొక్క రంధ్రము తలవెండ్రుకకంటె సన్నము. దానినుండి వెడలు చుక్క నాలుగైదు పికోలీటర్లు మాత్రమే. లీటరును లక్షకోట్ల భాగములు చేసినచో ఒక భాగము పికోలీటరగును. ఆ చుక్కను త్రోయునది విద్యుత్తు తగిలినంతనే వంగు ఒక పలుచని పలక. ఒత్తిడికి విద్యుత్తు పుట్టించు స్ఫటికముల గుణమును 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. ఇచ్చట ఆ గుణమే తిరుగబడి పనిచేయుచున్నది. రేడియో ప్రసారయంత్రములో తరంగసంఖ్యను చెదరనీయనిదియు అట్టి స్ఫటికమే కావున, ఆ హెడ్డును చూడగా మాకు దూరపు చుట్టమును చూచినట్లయ్యెను.

సిరాలో అధికభాగము నీరే. నీరు ఆరినచో మిగిలిన రంగుపొడి రంధ్రము నోటిలో గట్టిపడును. యంత్రము నడచుచున్నంతకాలము సిరా కదలుచుండును కనుక ప్రమాదము తక్కువ. ఊరక కూర్చున్నప్పుడే చేటు. డెల్టాలో వేసవిని కాలువలు కట్టివేసినప్పుడు నిలువనీటిలో గుర్రపుడెక్క పెరిగి తూములు పూడిపోవుట మన రైతులెరుగనిది కాదు. ఫొటోవారికి కాలువలు కట్టుట యనగా ముహూర్తములు లేకపోవుటయే. 2024లో శుక్రమౌఢ్యము, గురుమౌఢ్యము, వాని వెంట ఆషాఢము వచ్చి, ఏప్రిల్ చివరినుండి శ్రావణము వచ్చువరకు పెండ్లిండ్లు లేకపోయెను. ఈయన యంత్రముపై దుప్పటి కప్పి గదికి తాళము వేసెనట.

శ్రావణములో తాళము తీసి చూడగా నీలము, నలుపు సగము సగము పడుచుండెను. హెడ్డును శుభ్రపరచు మీటను వరుసగా ఎనిమిదిమార్లు నొక్కెను. నొక్కినప్పుడెల్ల యంత్రములోని పంపు అన్ని రంగులను పీల్చి వృథాతొట్టిలో పోయును. మంచిగానున్న రంగులును అందులో పోవును. ఎనిమిదవమారునకు అంతవరకు నిండుగా పడుచున్న పసుపు కూడ తెగనారంభించెను. గొట్టములలోనికి గాలి చేరెను. అంతట ఎవరో చెప్పగా సిరంజితో ద్రవమును బలముగా ఎక్కించెను. లోపలి సన్నని పొర చిట్లి, నీలము మరి రాలేదు. కొత్త హెడ్డుకు ఆ శ్రావణమాసపు ఆదాయమంతయు చాలలేదట. నాటినుండియే ఆయనకు ఈ ఓర్పు అబ్బినది.

ఆ సాయంత్రము ఆయన చేసిన పని మేము దగ్గర కూర్చుండి చూచితిమి. మొదట రంధ్రములను పరీక్షించు గీతల పటమును రెండుమార్లు ముద్రించి ప్రక్కప్రక్కన పెట్టెను. లోపించిన గీతలు రెండింటను ఒకేచోట నున్నచో సిరా ఎండినట్లు, చోటు మారుచున్నచో గాలి చేరినట్లు తెలియును. ఒకేచోట నుండెను. హెడ్డును ఒకమారు శుభ్రపరచి మరల చూచెను; కొన్ని గీతలు వచ్చినవి. ఇంకొకమారు చేసెను, మార్పు లేదు. అంతటితో మీటను ముట్టలేదు.

తరువాత హెడ్డును ప్రక్కకు జరిపి, అది విశ్రమించు మూతను చూపెను. దీనిని క్యాపు అందురు. హెడ్డును గాలి సోకకుండ కప్పునది, సిరాను పీల్చుటకు ఆధారమైనది ఇదియే. దాని రబ్బరు అంచుపై ఎండిన సిరా పొరకట్టియుండెను. అంచు అతుకకున్నచో పంపు గాలినే పీల్చును. ఎన్నిమార్లు నొక్కినను ఫలముండదు. నూగురాలని పుల్లను స్వేదనజలములో తడిపి ఆ అంచును, హెడ్డును తుడుచు రబ్బరు పలకను మెల్లగా శుభ్రపరచెను. హెడ్డు అడుగును మాత్రము తాకలేదు. క్యాపులోని మెత్తనిదిండుపై శుభ్రపరచు ద్రవమును కొన్ని చుక్కలు వేసి, హెడ్డును దానిపై నిలిపి, యంత్రమును ఆపి ఇంటికి పోయెను.

కుళాయినీరు చాలదా యని అడిగితిమి. అందలి లవణములు ఎండి రంధ్రములోనే మిగులునని చెప్పెను. ప్రక్కనున్న ఫ్లెక్సీ దుకాణములో రంగును చిటికెలో కరగించు ద్రవమున్నది కదా యంటిమి. అది వేరుజాతి సిరాకు తగినది. నీటిసిరా యంత్రములో పోసినచో లోపలి జిగురును, ప్లాస్టిక్కును తినివేయునట. ఆయన అన్నిటికంటె ఎక్కువగా నిందించినది గోడ స్విచ్చిని. యంత్రమును దాని మీటతోనే ఆపవలెను. అప్పుడు హెడ్డు క్యాపుమీదికి చేరును. ముద్రణ నడుమ కరెంటు పోయినను, గోడ స్విచ్చి కట్టినను, హెడ్డు నోరు తెరచుకొని దారిలోనే నిలిచిపోవును. వేసవిలో కోతలు తప్పవు కనుక బ్యాటరీ పెట్టెను అందులకే కొనెనట. ఏ.సి. గదిలో గాలి పొడిబారుననియు, తేమ 40 శాతమునకు తగ్గనీయరాదనియు చెప్పి, గోడనున్న తేమమాపకమును చూపెను. కొల్లేటి ప్రాంతమున తేమకు కొదువ యేమని నవ్వబోయిన మేము ఆ ముల్లును చూచి ఊరకుంటిమి.

మరునాడు పగలు ఒక్కమారు శుభ్రపరచగా నీలము వరుస నిండెను. గీతల పటములో ఒక్క గీత మాత్రము లేదు. సాయంత్రమునకు అదియు వచ్చెను. దీపాలవేళకు పటము బయటికి రాసాగెను: మొదట తలపాగ, పిదప నుదురు, తరువాత కన్నులు. కుమారుడు లేచి నిలుచుండి, చెప్పులు ప్రక్కకు విడిచెను.

మేము సెలవు తీసికొనుచు గోడవైపు చూచితిమి. జానెడు వెడల్పు కాగితపు పట్టీలు వరుసగా అంటించియుండెను. అన్నిటిలోను ఆటపాక గూడబాతులే. పనిలేని రోజులలో మూడుదినములకొకటి చొప్పున, అన్ని రంగులు కదలునట్లు ముద్రించినవట. ప్రతి పట్టీ క్రింద తేదీ వ్రాసియున్నది.