పిండి కొద్ది రొట్టె
ఆటల కంప్యూటరునకు భాగములు ఎంచుకొను విధము
(మన సంఘ సమావేశమున గావించిన ఉపన్యాస పాఠము)



నేటి విషయము విని కొందరు పెద్దలు నవ్వియుందురు. జవళి వర్తకులము, ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి గజముకోల పట్టినవారము, కంప్యూటరును గూర్చి మేము చెప్పుట యేమని శంకింపవచ్చును. యంత్రశాస్త్రము మా విద్య కాదు. అయితే సరకు నాణ్యము చూచుట, ధర విచారించుట, ఉన్న సొమ్మును పది పద్దులకు పంచుట మాకు నిత్యకృత్యము. ఆటల కంప్యూటరు కొనుటలో నూటికి ఎనుబది పాళ్ళు ఈ పనియే. తక్కిన ఇరువది పాళ్ళు మన పిల్లలకు మనకంటె బాగుగ తెలియును. ఈ రెండును ఒక చోట చేరనందుననే ఇండ్లలో కలతలు పుట్టుచున్నవి.

కుమారుడు అడుగును, తండ్రి వలదనును. కుమారుడు స్నేహితుల వద్ద అప్పు చేసియో, నెలవాయిదాలపైననో, ముక్కు మొగము తెలియని వానివద్ద బిల్లు లేకుండ కొనును. ఆరు మాసములకు యంత్రము చెడును. అపుడు తండ్రితో చెప్పలేడు, అమ్మినవాడు పలుకడు. సొమ్ము పోయినది పోగా, తండ్రీకొడుకుల నడుమ మాట పోవును. ఇది మన వీధులలో జరుగుచున్నదే. కావున ఈ మాటలు ఇరువురకును చెప్పుచున్నాము.

ముందుగా పెద్దలకు ఒక మనవి. ఆట యన్నంత మాత్రమున చెడుపని కాదు. మన బళ్ళారిలో న్యాయవాద వృత్తిలోనుండియే రంగస్థలమునకు జీవితము ధారపోసిన రాఘవగారి పేర నేడు కళామందిరము నిలిచియున్నది. వేషము వేయుట పెద్దమనుష్యులకు తగునా యని అడిగినవారు ఆ కాలమునను ఉండిరి. నేటి కంప్యూటరు ఆటలు 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో పతకముల పోటీలుగ జరిగినవి. అయితే పందెము వేరు, ఆట వేరు. సొమ్ము ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టమునకు 2025 ఆగష్టు 22న రాష్ట్రపతి ఆమోదము లభించినది. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్ అను పోటీ ఆటలను గుర్తించినది. చట్టము గీచిన ఆ గీతనే మన ఇంటి గడపకును గీచుకొందము. పిల్లవానికి కంప్యూటరు కొనియిచ్చుటకు ముందు ఈ ఒక్క మాట తీసికొనుడు, తక్కినది బేరము.

ఇక లెక్కకు వత్తము. ఒక గృహస్థు 90 వేల రూపాయలు కేటాయించెననుకొందము. పిల్లలు సాధారణముగ ఈ మొత్తమును అంతయు పెట్టె లోపలి భాగములకే పంచుదురు. తెర, కీబోర్డు, మౌసు, చెవిగొట్టములు, యు.పి.ఎస్. చివర జ్ఞప్తికి వచ్చును. ఎద్దును కొని పగ్గమునకు డబ్బు లేదనుట వంటిది. కావున ముందుగానే తెరకు 9 వేలు, యు.పి.ఎస్. మొదలగు తక్కిన వానికి 8 వేలు వేరు చేయుడు. మిగిలినది 73 వేలు. అందు గ్రాఫిక్సు కార్డునకు 26 వేలు, ప్రాసెసరునకు 13 వేలు, మదర్‌బోర్డునకు 8,500, మెమరీకి 12 వేలు, ఎస్.ఎస్.డి.కి 6,500, పవర్ సప్లైకి 4,500, పెట్టెకు 2,500. ఇవి మేము వేసిన పాళ్ళే గాని ధరల పట్టిక కాదు. ఈ సరకు ధర వారము వారమునకు మారును. 2025 చివరి మాసములలో కృత్రిమ మేధ కేంద్రములు మెమరీ చిప్పులను పెద్ద యెత్తున కొనుటచే మెమరీ ధరలు అమితముగ పెరిగినవి. అట్టి సమయమున ఒక పద్దు పెరిగినచో మరియొక పద్దు తగ్గింపవలెనే గాని మొత్తమును పెంచరాదు. పిండి కొద్ది రొట్టె.

పాళ్ళు ఇట్లేల యుండవలెనో చెప్పెదము.

మొదట తెరను నిర్ణయింపుడు. తక్కినదంతయు దానిని బట్టియే. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల తెరపై చుక్కలు 20 లక్షల 73 వేలు. ఫోర్‌కే యను తెరపై 82 లక్షల 94 వేలు, అనగా నాలుగింతలు. ప్రతి బొమ్మకును అన్ని చుక్కలను లెక్కించి గీయు పని గ్రాఫిక్సు కార్డుది. పెద్ద తెర కొని చిన్న కార్డు పెట్టినచో బొమ్మ తడబడును. మన 90 వేల లెక్కకు మొదటి కొలత తెర చాలును. సెకనుకు 60 బొమ్మలు చూపు తెరకంటె 100 గాని 144 గాని చూపునది పరుగు ఆటలకు మేలు. ఆ రకపు తెరలు నేడు మితమైన ధరకే దొరకుచున్నవి.

గ్రాఫిక్సు కార్డు, ప్రాసెసరు జోడెద్దుల వంటివి. ఒకటి బలిసినది, వేరొకటి బక్కది యైనచో కాడి ఒక ప్రక్కకు ఒరగును. బలిసినదాని బలము వ్యర్థమగును. ఆటల యంత్రమున గ్రాఫిక్సు కార్డునకు ప్రాసెసరుపై పెట్టిన సొమ్మునకు ఇంచుమించు రెండింతలు పెట్టుట సరియైన జోడు. ఆరు కోరుల ప్రాసెసరు నేటి ఆటలకు చాలును. ఇంటెల్ వారి ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అక్షరమున్నచో దానిలో సొంత బొమ్మల యంత్రము లేదని అర్థము. ప్రత్యేకముగ కార్డు కొనువారికి దానివలన కొంత ఆదా కలుగును. కార్డు కొననివారికి అది పనికిరాదు.

కార్డులలో ఒక చిక్కు కలదు. ఏ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 9060 ఎక్స్.టి. అను కార్డు 2025 జూనులో 8 జీబీ, 16 జీబీ అని రెండు విధములుగ వచ్చినది, పేరు ఒక్కటే. పేరు మాత్రము చెప్పి ధర అడిగినచో ఏది చూపుదురో తెలియదు. జీబీ లెక్క బిల్లుపై వ్రాయింపుడు. 2025 మే మాసమున వచ్చిన ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 5060కు 8 జీబీ, 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బి580కు 12 జీబీ మెమరీ గలవు. చూడచక్కని కొత్త ఆటలకు 8 జీబీ ఇరుకగుచున్నది; పోటీ ఆటలకు అదియే చాలును. పిల్లవాడు ఏ ఆట ఆడునో అడిగి తెలిసికొనినగాని కొనరాదు. వరునికి ఏ రంగు నచ్చునో అడుగక పెండ్లిబట్టలు కొందుమా?

మదర్‌బోర్డు విషయమున రేపటి చూపు వలయును. ఏ.ఎం.డి. వారి ఏఎం4 సాకెట్టు 2016లో వచ్చినది. అనేక సంవత్సరముల వరకు కొత్త ప్రాసెసరులు దానిపై ఎక్కినవి. 2022లో ఏఎం5 వచ్చినది. 2027 వరకును, ఆపైనను దీనికి ప్రాసెసరులు తెచ్చెదమని ఆ సంస్థ ప్రకటించినది. నేడు కొద్దిగ హెచ్చు పెట్టి అట్టి బోర్డు కొన్నచో నాలుగేండ్లకు ప్రాసెసరు మాత్రము మార్చుకొనవచ్చును. డీడీఆర్4 మెమరీ డీడీఆర్5 బోర్డున పట్టదు; ఇది మరువకుడు.

ఇపుడు మా అనుభవమున జనులు మిక్కిలి తక్కువ చేయు భాగమునకు వత్తము: అది పవర్ సప్లై. మన ఊరి జీన్సు కుట్టువారిని అడుగుడు. బట్ట మేలైనది, రంగు మేలైనది, జిప్పు నాసిరకమైనచో ప్యాంటు మొత్తము తిరిగి వచ్చును. పవర్ సప్లై ఈ యంత్రమునకు జిప్పు. అయితే జిప్పు చెడిన జిప్పే చెడును. నాసి పవర్ సప్లై పోవుచు కార్డును, బోర్డును వెంట తీసికొనిపోవచ్చును. లెక్క సులభము. ప్రాసెసరునకు హెచ్చుగ 90 వాట్లు, 5060 వంటి కార్డునకు 145 వాట్లు, తక్కిన వానికి 60. మొత్తము సుమారు 300 వాట్లు. దీనికి పేరుగల సంస్థవారి 550 వాట్లది తగును. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు చూడుడు. పేరు లేని పెట్టెపై 700 వాట్లని అచ్చు వేసినంత మాత్రమున అది ఆ బరువు మోయదు.

మన ప్రాంతపు ఎండయు ధూళియు లెక్కలోనికి రావలెను. వేసవిలో 40 డిగ్రీలు దాటుట మనకు వింత కాదు. సండూరు గనుల ఎఱ్ఱధూళి యెఱుగని బళ్ళారి యిల్లు లేదు. ముందు భాగమున అద్దము మూసి రంగురంగుల దీపములు వెలుగు పెట్టెకంటె, గాలి ఆడు జల్లెడ ముఖము, కడిగి మరల పెట్టుకొను ధూళి జాలి గల పెట్టె మనకు మేలు. మూడు మాసముల కొకమారు శుభ్రము చేయవలెను. మూడు ముళ్ళ ప్లగ్గునకు ఎర్తింగు సరిగ నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించుటకు అయ్యెడు ఖర్చు అన్నిటికంటె స్వల్పము, అన్నిటికంటె ముఖ్యము.

90 వేలు లేనివారు నిరాశ చెందనక్కరలేదు. 2024లో వచ్చిన రైజెన్ 5 8600జీ వంటి ప్రాసెసరులో బొమ్మల యంత్రము లోపలనే కలదు. కార్డు లేకుండ దానితో ఆరంభించి, చిన్న ఆటలు ఆడుకొనుచు, సంవత్సరము తరువాత కార్డు చేర్చవచ్చును. అట్టివారు మెమరీని ఒక్క కడ్డీగ గాక రెండు కడ్డీలుగ కొనవలెను. లోపలి బొమ్మల యంత్రము ఆ మెమరీనే పంచుకొనును. ఆరంభముననే పవర్ సప్లై మాత్రము రేపటి కార్డునకు తగినది కొనుడు.

పాత సరకు విషయమున రెండు హెచ్చరికలు. ‘ఐ7’ అను పేరు చూచి మోసపోవలదు. 2013 నాటి ఐ7కంటె 2022 నాటి ఐ3 చురుకైనది. పేరు కాక పుట్టిన సంవత్సరము అడుగుడు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్టు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అట్టి పాత ప్రాసెసరులపై విండోస్ 11ను ఆ సంస్థ అనుమతింపదు. రెండవది, 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ నాణెము గనిపద్ధతిని విడిచిపెట్టినపుడు, రాత్రింబవళ్ళు ఆ పనిలో కాలిన కార్డులు పాత సరకు విపణిలోనికి వచ్చినవి. పాత కార్డు కొనువారు దానిని తమ కన్నుల యెదుట గంటసేపు ఆటలో నడిపించి చూచి కొనవలెను.

ఇక బిల్లు. ఈ భాగములపై జి.ఎస్.టి. 18 శాతము. 90 వేల బిల్లులో పన్ను 13,729 రూపాయలు. బిల్లు వలదన్నచో తగ్గించెదమను మాట బెంగళూరు ఎస్.పి. రోడ్డున గాని, సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో గాని, మన ఊరిలో గాని ఎవరైన చెప్పవచ్చును. వర్తకులమై మేమే చెప్పుచున్నాము: బిల్లు లేని సరకునకు తండ్రి లేడు. వారంటీ అడుగుటకు నోరుండదు. ప్రతి భాగము యొక్క సీరియల్ సంఖ్య బిల్లుపై ఉండవలెను. ప్రాసెసరు మూసిన పెట్టెలో వచ్చినదై యుండవలెను; విడిగ అమ్మునదానికి తయారీదారుని వారంటీ సాధారణముగ ఉండదు.

తోటి వర్తకులకు ఇంకొక మాట. కొడుకు ఆడుకొను యంత్రమును అంగడి పేర వ్రాయించి, కట్టిన పన్నును తిరిగి జమ చేసికొందమను ఆలోచన కొందరికి తోచును. స్వంత వాడుకకు కొన్నదానిపై అట్టి జమ చట్టము ఒప్పదు. అంతేకాక వ్యాపారమునకై కొన్నానని వ్రాసికొన్నవాడు రేపు వినియోగదారుడనని నిలబడుట కష్టము. పన్నులో పొందదలచిన లాభము హక్కులో పోవును. చూచుచున్న పిల్లవాడు నేర్చుకొను పాఠము వేరే చెప్పనక్కరలేదు.

సరియైన బిల్లు ఉన్నవాడు దిక్కులేనివాడు కాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, బెంగళూరున కొన్న సరకునకైనను తాను నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల లోపు సరకునకు రుసుము లేదు. అంతకు ముందు 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. మూడు వందల కిలోమీటర్లు తిరుగుటకు జంకి నష్టమును మ్రింగి ఊరకుండుట ఇక వలదు.

తుదకు ఒక సూచన. భాగములు కొనదలచినవారు కనీసము మూడు అంగళ్ళనుండి వ్రాతపూర్వకముగ ధరలు తెప్పించుకొని, ఆదివారము సంఘ భవనమునకు తెచ్చినచో, విషయము తెలిసిన ఇద్దరు యువకులు, లెక్క తెలిసిన ఒక పెద్ద కూర్చుండి చూచునట్లు ఏర్పాటు గావింతము. ఇందులకు రుసుము లేదు, ఎవరి వద్దను కమీషను లేదు. ప్రతిఫలముగ ఆ యువకుని మేము కోరునది ఒక్కటి: ఆ యంత్రమున తెలుగు కీబోర్డు అమర్చుకొని, మన వారపత్రికకు నెలకొక పుట కూర్చి యీయవలెను. ఆటకు కొన్న యంత్రమే అక్షరమునకును పనికివచ్చును. 1953లో సరిహద్దు ఏర్పడినది మొదలు ఇచట మన భాషను ఇంటిలోను, సంఘములోను నిలుపుకొనుచు వచ్చితిమి. ఇక ముందు దానిని నిలుపువారు ఈ తెరల ముందు కూర్చుండు పిల్లలే. వారికి యంత్రమును కోపముతో గాక లెక్కతో కొనియిండు. ప్రక్కన కూర్చుండి ఆ లెక్క వ్రాయుడు. ఆ గంటసేపటి మాటయే ఈ కొనుగోలులో మీకు దక్కు మేలైన భాగము.