పీడన మాపకములు – బోల్టుల బిగింపు
(ప్రసంగ పాఠము)



బాయిలరు కడ, గొట్టముల కడ అమర్చిన పీడన మాపకమును చూచువారు దాని ముల్లును మాత్రమే చూతురు. ఆ ముల్లు చూపు అంకె నమ్మదగినదై యుండుటకును, దాని ముందు నిలిచిన కార్మికుని క్షేమమునకును వెనుకనున్న బోల్టులు ఆధారము.

1849లో ఫ్రాన్సు దేశమున యూజీన్ బూర్డాన్ వంపుగొట్టపు మాపకమునకు పేటెంటు పొందెను. నాటినుండి సాధనములు ఎన్నియో మారినవి. సందు దొరకిన చోటనెల్ల వెలికి దూకు పీడనపు స్వభావము మాత్రము మారలేదు. గాస్కెట్ లోపలి వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లే యైనను, చదరపు సెంటీమీటరుకు 100 కిలోల పీడనమున్నచో, అతుకును విడదీయుటకు 400 కిలోల బలము త్రోయుచుండును. బిగించిన బోల్టు కంటికి కానరానంతగా సాగి, స్ప్రింగువలె ఫ్లాంజిలను అదిమి పట్టి ఆ బలమును నిలువరించును.

అయితే పానాపై చూపిన బలములో నూటికి సుమారు 10 పాళ్లే బోల్టును సాగదీయును. తక్కినది మరలయందును, తల క్రిందను ఒరపిడికే చెల్లును. తుప్పుపట్టిన మర ఎంత గట్టిగా తిరిగినను బిగింపు చాలకపోవచ్చును. నూనె రాసిన మరపై అదే బలము మితిమీరవచ్చును. కావున తయారీదారు చెప్పిన కొలతను, నూనె విషయమైన సూచనను కలిపి చదివి, టార్కు పానాతో బిగింపవలెను. తెగేదాకా లాగరాదన్న సామెత ఇచట అక్షరాల నిజము.

నాలుగు బోల్టులను మొదట చేతితో ఎక్కించి, పిమ్మట ఎదురు మూలలుగా, తుదికొలతలో నూటికి 30, 60, 100 పాళ్ల చొప్పున మూడు విడతల బిగించుట మంచి పద్ధతి. నవారును ఒక ప్రక్కనే లాగిన మంచము వంకరపోవునట్లు, ఒకే బోల్టును ముందుగా బిగించినచో గాస్కెట్ ఒకవైపు నలిగి, వేరొకవైపు సందు మిగులును. కొన్ని సాధనములలో సున్నయే తప్పును.

కార్యాలయమువారికిని ఇందు బాధ్యత కలదు. 7/16 అంగుళపు బోల్టు మందము 11.1 మిల్లీమీటర్లు. ఇండెంటులో దానికి బదులు 10 మిల్లీమీటర్ల దానిని “సమానము” అని వ్రాసినచో, అది రంధ్రమున దూరును, బిగిసినట్లే తోచును, కాని మరకు పట్టు చాలదు. ఆ లోపము పీడనము వచ్చిన దినమున గాని బయటపడదు.

కారుచున్న అతుకును పీడనముండగా బిగింప బూనరాదు. ముందు వాల్వు మూసి, లోపలి పీడనమును వదలి, పిదప పానా పట్టవలెను. ఈ కొలది నిమిషముల ఓపిక ఒక కుటుంబపు దీపమును కాపాడును.