పరదేశమున నివాసము – స్వదేశమున పాఠకులు

విదేశములలో కొంతకాలము నివసించి వచ్చినవారు తమ అనుభవములను వ్రాసి మాకు పంపుచుందురు. ఏటా పదియో పదునైదో వచ్చును. వానిలో పెక్కింటిని చదువ మొదలిడినంతనే తరువాతి పుట ఎట్లుండునో మాకు తెలిసిపోవును. విమానము దిగుట, చలికి వణకుట, వీధుల శుభ్రత, మ్యూజియము, జలపాతము, తుదకు ఆవకాయ దొరకకపోవుట. ఆవకాయ ప్రస్తావన వచ్చినచోట మాత్రము వ్రాసినవారి గొంతు కొంత వినిపించును. కాని వారు దానిని రెండు వాక్యములలో ముగించి మరల మ్యూజియమునకు పోవుదురు.

ఇట్టి రచనలకు పాఠకులు దొరకుటలేదని రచయితలు వాపోవుచుందురు. అచ్చువేయించిన ప్రతులు కట్టలుకట్టలుగా మంచము క్రింద మిగిలిపోయినవని చెప్పుదురు. అట్టి కట్టలలో ఒకదానికి మేమును బాధ్యులము. ఆ సంగతికి ముందు, కాబూలులో కొంతకాలము నివసించిన ఒక వంగ రచయితను గురించి చెప్పవలసియున్నది.

సయ్యద్ ముజ్తబా ఆలీగారు 1904లో జన్మించిరి. సిల్హెట్ ప్రాంతమువారు. రవీంద్రుని శాంతినికేతనమున చదువుకొని, 1927లో ఉపాధ్యాయులై ఆఫ్ఘనిస్తానమునకు వెళ్లిరి. అది అమానుల్లా రాజు తన ప్రజలను తొందరతొందరగా ఐరోపా వేషములోనికి మార్చదలచిన కాలము. 1928 చివర తిరుగుబాటు రేగెను. 1929 జనవరిలో, నీళ్లు మోయువాని కొడుకను పేరుతో ప్రసిద్ధుడైన బచ్చా-యె-సకావో కాబూలును వశపరచుకొనెను. ఆలీగారు నగరమున చిక్కుకొని, ఆకలికి ఓర్చి, తుదకు విమానములో బయటపడిరి.

ఇంతటి ఘటనలను కన్నులార చూచినవారు వెంటనే పుస్తకము వ్రాసియుండవలెను గదా! ఆయన 'దేశే బిదేశే' గ్రంథము 'దేశ్' వారపత్రికలో ధారావాహికగా వెలువడినది 1948లో, పుస్తకమైనది 1949లో. నడుమ దాదాపు ఇరువదియేండ్లు గడచినవి. అమానుల్లా వార్త ఎన్నడో పాతబడెను. వంగదేశమే రెండు ముక్కలయ్యెను. అయినను పాఠకులు ఆ గ్రంథమును అక్కున చేర్చుకొనిరి.

ఎందువలన? అందు రాజకీయము లేకపోలేదు, చరిత్రయు కలదు. కాని పాఠకుని చేయిపట్టి లోపలికి తీసికొనిపోవునది అబ్దుర్ రహమాన్ అను పనివాడు. పంజ్‌షేర్ లోయవాడు, భారీ మనిషి. ఒక్క యజమానికి భోజనము పెట్టవలసియుండగా పలువురకు సరిపడ వండి తెచ్చును. యజమాని ఆ రాశిని చూచి బెదరిపోగా, వంటయింటిలో ఇంకను కలదని ధైర్యము చెప్పును. తన లోయలోని మంచును ఒక్కసారి చూచి తీరవలెనని పోరును. విమానము పైకి లేచునప్పుడు రచయిత కన్ను కడపటిసారి వెదకినది రాజప్రాసాదమును కాదు, మంచుమీద నిలిచియున్న ఆ మనిషి తెల్లని తలపాగాను. కాబూలును కలలోనైన చూడని కలకత్తా గృహిణికిని అబ్దుర్ రహమాన్ తెలిసినవాడే. అట్టివాడొకడు ఆమె వంటయింటనో పొరుగింటనో ఎప్పుడో మసలియుండును.

ఆలీగారు 1952 మొదలు 1956 వరకు ఆకాశవాణిలో పనిచేసిరి. మేమును రేడియో వృత్తివారమే గనుక మాకది కొంచెము గర్వకారణము. ఆ గర్వమునకు తగినట్లు మేము చేసినది ఏమియు లేదని ఇక ముందు చెప్పబోవుచున్నాము.

మన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర విదేశయాత్ర కాదు గాని, పాఠకుని మాట వచ్చినపుడు దానిని తలపక తప్పదు. ఆయన 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. దారిపొడుగున తన మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపుచుండిరి. వానినే పిళ్లగారు 1838లో అచ్చువేయించిరి. అప్పటికి వీరాస్వామయ్యగారు జీవించిలేరు. ఎచట నీళ్లు బాగున్నవి, ఏ మజిలీలో సామానులు దొరకును అనునట్టి సంగతులు అందు నిండియున్నవి. మిత్రుడు అడుగబోవునది ఏదియో ఆయనకు తెలియును. బీహారున పుట్టి ఐర్లండున కాపురముండిన దీన్ మహమ్మద్ 1794లో కార్క్ నగరమున ప్రచురించిన గ్రంథమును సయితము మిత్రునికి వ్రాసిన లేఖల రూపముననే నడపెను. అచ్చుకూలికి ముందుగా చందాలిచ్చినవారు మూడువందలకు పైబడిరి. మనలో స్వంత సొమ్ముతో అచ్చువేయించి పిదప పాఠకులను వెదకువారు ఆ పద్ధతిని ఒకసారి ఆలోచింపవచ్చును.

ఇక మా సంగతి. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. కాకినాడ, విశాఖపట్టణము రేవులలో పొగయోడలెక్కి పోయిన తెలుగువారు అచట రేవుపనిలోను, బియ్యపు మిల్లులలోను చెమటోడ్చిరి. కోరంగి రేవు పేరుమీదుగా వారిని 'కోరంగీలు' అనెడివారు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. అటుపిమ్మట లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో బయలుదేరి, కొండలు అడవులు దాటి నడిచివచ్చిరి. ఇందరు పోయి ఇన్నేండ్లుండి వచ్చినను, వారు స్వయముగా వ్రాసినది మా చేతికి వచ్చుట బహు అరుదు.

అట్టిది ఒకటి 2011లో వచ్చెను. మేము అప్పటికి ఉద్యోగమున క్రొత్తవారము. కాకినాడనుండి ఎనుబదియేండ్ల పెద్దమనిషి ఒకరు నలువది పుటల వ్రాతప్రతి తెచ్చిరి. రంగూనులో పుట్టి, బాల్యమున తల్లి చేయిపట్టుకొని ఆరకాను కొండలదారిని నడిచివచ్చినవారు. వ్రాతప్రతి నిండ పొరుగింటి బర్మా స్త్రీయే. ఆమె ప్రతి ఉదయము గుండ్రని రాతిపలకపై తనఖా బెరడు అరగదీసి బుగ్గలకు పూసికొనును. ఈయన బుగ్గలకును పూయును. తల్లిగారు మొదట నవ్వి, పిదప తన గంధపుసానపైననే ఆ బెరడు అరగదీయుట నేర్చుకొనిరి. 1930 మే నెలలో రేవు కూలీలపై కొట్లాటలు రేగినపుడు ఈయన ఇంకను పుట్టలేదు. ఆనాడు ఆయన తండ్రిని ఆ స్త్రీ తన ఇంట బియ్యపు బస్తాల వెనుక రెండు రాత్రులు దాచెనట. ఇల్లు విడుచునాడు తల్లిగారు తాళపుచెవిని ఆమె చేతికే ఇచ్చిరి.

మేము చదివి ఏమంటిమో చెప్పుటకు సిగ్గగుచున్నది. "తాతగారూ, ఇది మీ ఇంటి సంగతి. శ్రోతలకు రంగూను నగరవిశేషములు కావలెను. ష్వెడగోన్ పగోడా చరిత్ర, ఎత్తు, నగరపు వ్యాపారము వ్రాసి తీసికొనిరండు" అంటిమి. ఆయన మారుమాటాడలేదు. నెలదినములకు మరల వచ్చి, "బాబూ, మీరు చెప్పినట్లే మార్చితిని" అని కాగితములు మా ముందుంచిరి. పగోడా ఉన్నది, వ్యాపారము ఉన్నది. పొరుగింటి స్త్రీ లేదు. పదునైదు నిమిషముల ప్రసంగము ప్రసారమయ్యెను. ఒక్క ఉత్తరమైనను రాలేదు. ఆయన దానినే పెంచి అయిదువందల ప్రతులు అచ్చువేయించిరి. అవి ఎచటనున్నవో శ్రోతలు ఊహింపగలరు.

ఆలీగారి గ్రంథమునకు ఆంగ్లానువాదము 2015లో వచ్చినది. దానిని ముగించిన రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆ వారమే కాకినాడకు పోతిమి. పెద్దాయన కాలము చేసి అప్పటికి ఏడాది అయ్యెను. ఆయన కోడలు మంచము క్రిందినుండి కట్టలు ఈడ్చి చూపిరి. మాకు కావలసినది మొదటి వ్రాతప్రతి అనగా, ఆమె కొంతసేపు ఆలోచించి వంటయింటి అటకమీదినుండి ఒక అట్టపెట్టె దించిరి. ఆ కాగితముల వెనుకవైపున పాలలెక్కలు, చాకలిపద్దులు వ్రాసియున్నవి. నలువదింటిలో ఇరువది యారు మిగిలియుండెను.

వానిని ఆమె గొంతుననే చదివించి ప్రసారము చేసితిమి. ఈసారి ఉత్తరములు వచ్చెను. యానామునుండి ఒక వృద్ధురాలు వణకుచేతితో వ్రాసిరి. తమ కుటుంబమును రంగూనులో అట్టి వీధిలోనే ఉండినదట. అట్టి స్త్రీయే ఒకతె తమకును పొరుగున ఉండెనట. ఆమె పేరేమి అని అడిగిరి.

వ్రాతప్రతిని మరల ఆసాంతము చూచితిమి. మిగిలిన పుటలలో ఆయన ఆమెను అంతటను 'పిన్ని' అనియే వ్రాసిరి. పేరు మొదటి పుటలో ఉండినట్లు మాకు లీలగా జ్ఞాపకము. ఆ పుట లేదు. కోడలుగారు పాతపద్దుల పుస్తకములలో ఇంకను వెదకుచున్నారు.