రాతవేళకు లైన్ క్లియర్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్పై ఏళ్లుగా విద్యుత్ శాఖలో ఉన్నవాణ్ణి కదా అని సంఘం కార్యదర్శి నన్ను కరెంటు మీద మాట్లాడమన్నాడు. కరెంటు సంగతి వస్తుంది కానీ, నేను చెప్పబోయేది మా ఇంట్లో ప్రేమ నవలలు ఎలా తయారవుతాయో. రాసేది మా ఆవిడ. అంట్లు తోమేది నేను.

మన బడి రోజుల్లో వారపత్రిక వస్తే ముందు ఎవరు చదవాలని ఇంట్లో తగువు. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి పేర్లు చదవడం రానివాళ్లకు కూడా తెలుసు. యద్దనపూడి నవలలు ‘మీనా’, ‘జీవన తరంగాలు’ రెండూ 1973లోనే సినిమాలయ్యాయి. అప్పుడు సీరియల్ రాబోతోందని పత్రికే ప్రకటించేది. అద్దె పుస్తకాల షాపతను అట్ట ఊడేదాకా తిప్పేవాడు. ఇప్పుడు ప్రతిలిపి లాంటి యాప్‌లో రాసే మనిషి తన నవల గురించి తానే చెప్పుకోవాలి. అట్టబొమ్మ, వాట్సాప్ స్టేటస్, పాఠకులకు జవాబులు, అన్నీ తనవే. ఇంటిపని ఎలాగూ ఉంది.

ఆ ఇంటిపని ఎంతో ప్రభుత్వమే లెక్క తీసింది. 2019 నాటి సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. చేయని మగవాళ్లు ఆ సగటులో లేరు, గమనించండి.

మా ఇంటి లోడు ఉదయం అయిదు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. మధ్యలో ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది. గ్యాస్ బండ అబ్బాయి, కొరియర్, ఇడ్లీ పప్పు నానబోయడం, ఆరేసిన బట్టలు తీయడం ఆ ఖాళీలోనే. ప్రచారం మాత్రం ఆ ముక్కల్లో సాగుతుంది. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు నలుగురు పాఠకులకు జవాబు ఇవ్వొచ్చు. రాత అలా సాగదు. అలిగి వెళ్లిపోయిన హీరోయిన్ని వెనక్కి రప్పించాలంటే గంటన్నర ఎవరూ పిలవకూడదు.

మా శాఖలో ఎల్.సి. అని ఒకటుంది, లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో ఎల్.సి. తీసుకుంటాడు. అతను దిగి తానే తిరిగి ఇచ్చేదాకా ఆపరేటర్ లైను ఛార్జ్ చేయడు. ఊరంతా ఫోన్ చేసినా సరే, ఎమ్మెల్యే గారు చేసినా సరే. మా ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఆవిడకు ఎల్.సి. ఆ సమయంలో పాలు పొంగినా, చుట్టాలు ఫోన్ చేసినా చూసుకోవాల్సింది నేనూ మా అబ్బాయీ. టీవీ రిమోట్ ఎక్కడుందని కూడా అడక్కూడదు. అదే అన్నిటికన్నా కష్టం.

ఇది పరీక్షకు నిలిచింది మా అమ్మ బాత్రూంలో పడి తుంటి ఎముకకు ఆపరేషన్ అయినప్పుడు. అప్పటికి నవల 23వ భాగంలో ఉంది. ‘ఇక ఆపేస్తానండీ, ఈ వయసులో నాకు ప్రేమకథలేమిటి’ అంది ఆవిడ. అడ్డుపడింది అమ్మే. ‘ఆ పిల్ల సంగతి తేల్చకుండా ఎలా ఆపుతావే? నేను వింటున్నానుగా’ అంది. అప్పటిదాకా ఆవిడ కొత్త భాగాలు చదివి వినిపిస్తున్న సంగతే నాకు తెలియదు. ఉదయం టిఫిను, అమ్మకు మందులు నావంతుకు వచ్చాయి. నా ఉప్మా గురించి ఇంట్లో రెండు అభిప్రాయాలు లేవు. ఎల్.సి. ఒక్కరోజూ రద్దు కాలేదు. రెండు నెలల తర్వాత అమ్మ వాకర్ పట్టుకుని నడిచింది, నవల పూర్తయింది.

ప్రచారంలో మేము చూసింది ఇంకొకటి. మా అబ్బాయి చేసే రంగుల పోస్టర్ల కన్నా మంగళ, శుక్రవారాల్లో సరిగ్గా ఎనిమిదికి భాగం పడటమే ఎక్కువమందిని తెచ్చింది. అరగంట ఆలస్యమైతే ‘ఒంట్లో బాగాలేదా అక్కా?’ అని అడిగేవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది తామూ వంట ముగించుకుని చదివేవాళ్లే.

‘ప్రేమ నవలలా!’ అని మూతి విరిచేవాళ్లు మా బంధువుల్లోనూ ఉన్నారు. వాళ్లలో ఇద్దరు తర్వాతి భాగంలో ఏమవుతుందని నాకు విడిగా ఫోన్ చేస్తారు. నేను చెప్పను.

ఆవిడ ఇవాళ రాలేదు, శుక్రవారం భాగం రాసుకుంటోంది. కలం పేరు కావాలంటే భోజనాల దగ్గర నన్ను అడగండి. ప్రచారంలో ఆ మాత్రం నా వంతు.