టైరు దుమ్ము, వాగులో చేప
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

"టైర్ల ఇంజనీరువి కదా, ఆ సంగతేదో నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. టైర్ల సంగతే చెప్తాను. కాకపోతే చేప దగ్గర మొదలుపెట్టాలి.

గోదావరికి వరద నీరు రాగానే సముద్రం నుంచి పులస ఎదురీదుకుంటూ వస్తుంది. అమెరికా పడమటి తీరంలో సాల్మన్ చేపలదీ ఇదే తీరు. వాటిలో కోహో అని ఒక రకం ఉంది. వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, సుమారు మూడేళ్లకు గుడ్లు పెట్టడానికి వాగుకే తిరిగొస్తుంది. సియాటిల్ నగరంలో పాడైపోయిన వాగులను 1990లలో బాగా ఖర్చుపెట్టి బాగుచేశారు. కోహోలు వచ్చాయి. వచ్చినవి, వాన పడిన కొన్ని గంటలకే చచ్చిపోవడం మొదలుపెట్టాయి. నీటి పైకొచ్చి, నోరు తెరుచుకుని, గిరగిరా తిరిగి ఒరిగిపోయేవి. చచ్చిన ఆడచేప పొట్ట కోసి చూస్తే గుడ్లు లోపలే ఉండేవి.

నీటి వేడి చూశారు, ఆక్సిజన్ చూశారు, రోగాలు, పురుగుమందులు, లోహాలు అన్నీ చూశారు. దేనితోనూ లెక్క కుదరలేదు. రోడ్డు మీంచి వచ్చే వాన నీటిలోనే ఏదో ఉందని మాత్రం తేలింది. చివరికి టైర్లను తురిమి, నీళ్లలో నానబెట్టి, ఆ నీటిలోని వేల రసాయనాలను విడగొట్టుకుంటూ పోతే చేపను చంపేది ఒకటి దొరికింది. రసాయన శాస్త్రం చెప్పిన మాస్టారు ఎదురుగా కూర్చున్నారు కాబట్టి ఫార్ములా కూడా చెప్తాను: కార్బన్లు 18, హైడ్రోజన్లు 22, నైట్రోజన్లు 2, ఆక్సిజన్లు 2. టైర్లలో కలిపే పదార్థాల జాబితాలో అలాంటిది లేదు. జెన్యు టియాన్ అనే పరిశోధకుడికి, ఇది 6-పీపీడీ అనే మందుకు రెండు హైడ్రోజన్లు పోయి రెండు ఆక్సిజన్లు చేరిన రూపమేమోనని తట్టింది. అదే నిజమైంది. 2020 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో అచ్చయింది.

ఇక్కడ మా వృత్తి తరఫున ఒక మాట. 6-పీపీడీ ఎవరో దొంగచాటుగా కలిపిన విషం కాదు. గాలిలోని ఓజోన్ రబ్బరును కొరికి పగుళ్లు తెస్తుంది. ఈ మందు టైరు లోపలి నుంచి పైకి ఊరుతూ వచ్చి, రబ్బరు కంటే ముందు తానే ఓజోన్‌తో కలిసిపోతుంది. పాత టైరు పక్కలు గోధుమరంగుకు తిరగడం మీరు చూసే ఉంటారు, అందులో దీని పాత్ర ఉంది. ఇది లేకపోతే బస్సు టైరు రోడ్డు మీద పగిలేది. అంటే అది తన పని తాను చేస్తున్నప్పుడే క్వినోన్ అనే ఆ రెండో రూపం పుడుతోంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర పరీక్షిస్తే ఏం దొరుకుతుంది? అది పుట్టేది రోడ్డు మీద కదా.

మోతాదు వింటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. లీటరుకు 95 నానోగ్రాములుంటే కోహో పిల్లల్లో సగం ఒక్క రోజులో చస్తాయి. ఒక గ్రాము కోటి లీటర్ల నీటికి సరిపోతుందన్నమాట. అదే నీటిలో చమ్ అనే ఇంకో రకం సాల్మన్‌కు ఏమీ కాదు! అందుకే మన చెరువులో బొచ్చె, శీలావతి చచ్చిపోతాయని నేను భయపెట్టడం లేదు. అవి హాయిగా ఈదుతున్నాయి కాబట్టి నీరు మంచిదనే మాట మాత్రం ఒప్పుకోను. మనం నీళ్లు పరీక్షకు పంపితే పీహెచ్, లవణాలు, సీసం అంటూ కాగితం వస్తుంది. ఈ క్వినోన్‌కు ఆ కాగితంలో గడే లేదు.

2023లో యురోక్, ప్యుయల్లప్, పోర్ట్ గాంబుల్ స్క్లాలం అనే మూడు ఆదివాసీ తెగలు టైర్లలో ఈ మందు మీద చర్య తీసుకోవాలని అమెరికా పర్యావరణ సంస్థకు అర్జీ పెట్టుకుంటే, ఆ సంస్థ దాన్ని స్వీకరించింది. సాల్మన్ మీద బతికే జనం వాళ్లు. దీనికి బదులు వాడగలిగిన మందు కోసం వెతుకులాట సాగుతోంది, కానీ టైరు భద్రత తగ్గకుండా దొరకాలి. అది రేపో మాపో అయ్యే పని కాదు.

చేతిలో ఉన్న ఉపాయం ఒకటుంది, అది మట్టి. విషం పేరు తెలియకముందే, 2015 నాటికే, రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు, బెరడు ముక్కల గుండా వడకట్టి కోహోలను అందులో వదిలి చూశారు. వడకట్టని నీటిలో చేపలు చచ్చాయి, వడకట్టిన నీటిలో బతికాయి.

ఇప్పుడు మన ఊరి సంగతి. స్వర్ణోత్సవ పనుల్లో బడి ముందున్న రోడ్డు కాలువను సిమెంటు చేసి నేరుగా చెరువులో కలపడం ఒకటి. బురద ఉండదు, దోమలుండవు, చూడ్డానికి బాగుంటుంది, నిజమే. ఆ కాలువ గేటు వరకే సిమెంటుగా ఉండాలని, అక్కడి నుంచి చెరువు గట్టు దాకా మట్టి, ఇసుక, కంపోస్టు నింపిన గుంటలోంచి నీరు దిగాలని నా కోరిక. నీరు ఒక రోజులో ఇంకిపోయేలా కడితే దోమలు పెరగవు. ఏటా వేసవిలో పైపొర తీసేయాలి, తీసిన మట్టిని మాత్రం చెరువులో పోయకూడదు. నిన్న సాయంత్రం వెళ్లి చోటు కొలిచాను, అంచనా కాగితం అధ్యక్షుల వారికి ఇచ్చాను. కాంట్రాక్టరుకు బయానా ఇచ్చేలోపు కార్యవర్గం ఒక్కసారి చూడాలని మనవి.